వెండి అట్ట తిప్పిన చెయ్యి

మొన్న మా అన్న కూతురు మద్రాసు నుంచి కారులో వచ్చింది. వెంట ఇద్దరు కుర్రాళ్లు, నాలుగు పెట్టెలు. నేను వాకిట్లో రొయ్యపొట్టు ఎండబోస్తున్నాను. చేతులు కడుక్కునేలోపే కుర్రాళ్లు మా వసారాలో కెమెరా నిలబెట్టి, నా పైటకు చిన్న మైకు తగిలించారు.

మా అన్న పోయి ఏడాది కావస్తోంది. సొంత అన్న కాదు, మా పెద్దమ్మ కొడుకు. సినిమాల్లో కెమెరామన్‌గా చేశాడు. చేశాడు అంటే చాలదు. ఆయన పోయిన రోజు టీవీలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన తీసిన సముద్రాలు, ఆయన తీసిన మొహాలు చూపించారు. ఇప్పుడు కూతురు ఆయన మీద ఒక సినిమా తీస్తోందట.

"అత్తా, నాన్న చిన్నప్పుడు ఈ ఊళ్లో షూటింగ్ జరుగుతుంటే రిఫ్లెక్టర్ తిప్పి సముద్రంలో పడవల్ని మళ్లించాడు కదా. తన జీవితం అక్కడే మొదలైందని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. అది చూసినవాళ్లలో ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు. ఎలా జరిగిందో చెప్పండి" అంది.

"ఈ పూట నాకు ఒంట్లో బాలేదు. రేపు పొద్దున్నే రా" అన్నాను.

ఒంట్లో బాగానే ఉంది. ఆ వెండి అట్ట తిప్పింది మా అన్న కాదు, నేను. ఆ సంగతి రేపు కెమెరా ముందు చెప్పాలా, ఇన్నేళ్లూ మింగినట్టే మింగి ఊరుకోవాలా అన్నది తేల్చుకోవడానికి ఒక పూట అడిగాను. వాళ్లు సూళ్లూరుపేటలో గది తీసుకుని ఉంటామని వెళ్లిపోయారు. నేను రొయ్యపొట్టు దగ్గరే కాకులను తోలుతూ కూర్చుని, అంతా మొదటినుంచీ తలుచుకున్నాను.

అప్పటి మా ఊరు ఇప్పుడు లేదు. పేరు మిగిలింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, నడుమ సన్నటి ఇసుక పట్టీ మీద తాటాకు ఇళ్లు. ఏ ఇంటి ముందు చూసినా పరిచిన వల. వలలు చివికిపోకుండా తుమ్మచెక్క ఉడకబెట్టిన నీళ్లలో ముంచేవాళ్లు. ఆ వగరు వాసన, ఎండబెట్టిన కవళ్ల చేపల వాసన, తాటాకు పొగ, మూడూ కలిసి మా ఒంటికి పట్టి ఉండేవి. సూళ్లూరుపేట సంతకు పోతే కోమటి అంగడిలో తల ఎత్తకుండానే "ఏంది, రేవు నుంచి వచ్చినారా" అని అడిగేవాళ్లు.

ఊరి చివర సముద్రం వైపు ఎత్తయిన ఇసుక దిబ్బ ఉండేది. మా నాయన పని ఆ దిబ్బ మీద కూర్చోవడం. నవ్వుకోవద్దు, అది ఊరంతటికీ అన్నం పెట్టే పని. అప్పట్లో మావాళ్లు అలివి వల వేసేవాళ్లు. ఒడ్డుకు దగ్గరలోనే పడవలు వలతో కాచుకుని ఉంటాయి. దిబ్బ మీద మనిషికి చేపల గుంపు కనబడగానే తెల్లటి తడిగుడ్డ పైకెత్తి మూడుసార్లు తిప్పుతాడు. ఎటు తిప్పితే అటు పడవలు పరుగెత్తి, సగం చందమామలా వలను జారవిడుస్తాయి. దాని రెండు కొసలూ ఒడ్డున ఉన్న మనుషులు లాగుతారు. దిబ్బ మీద మనిషి కన్ను తప్పితే ఆ పూట ఊరు ఉత్త సంగటి తింటుంది.

మా నాయన కన్ను తప్పదని పేరు. కవళ్ల గుంపు వస్తే నీళ్ల మీద ఎక్కడ రంగు మారుతుందో, ఎక్కడ ముడత పడుతుందో ఆయనకు అరమైలు నుంచి తెలిసేది.

ఆడపిల్ల ఆ దిబ్బ ఎక్కకూడదు. ఎక్కితే చేప మొహం తిప్పుకుంటుందని మా ఊరి కట్టుబాటు. నేను చద్దన్నం గిన్నె తీసుకుని దిబ్బ కింద దాకా పోవచ్చు, అంతే. కానీ తెల్లారుజామున ఇంకా ఎవరూ రాకముందు మా నాయన నన్ను పైకి రమ్మనేవాడు. ఆయన అన్నం తింటూ ఉంటే నేను ఆయన బదులు చూసేదాన్ని.

"నీళ్లను చూడబాకమ్మి. నీళ్ల మీద మారేదాన్ని చూడు" అనేవాడు.

నేను చూసేదాన్ని. నాకు కనబడేది. ఆయన ఉల్లిపాయ కొరికేలోపు "నాయనా, అదో" అని వేలు చూపించేదాన్ని. ఆయన నమలడం ఆపి చూసి, తలూపి, మళ్లీ నమిలేవాడు. నన్ను మెచ్చుకోవడానికి ఆయన చేసేది ఆ తలూపడమే. అది చాలు నాకు, రోజంతా ఊళ్లో గర్వంగా తిరిగేదాన్ని, ఎందుకో ఎవరికీ చెప్పలేక.

మా అన్నకు మాత్రం ఏమీ కనబడేది కాదు. మగపిల్లవాడు కాబట్టి వాడు ఎప్పుడు పడితే అప్పుడు దిబ్బ ఎక్కవచ్చు. ఎక్కి నిద్రపోయేవాడు. పడవ ఎక్కితే వాంతి చేసుకునేవాడు. వాడికి తండ్రి లేడు. పెద్దమ్మ ఎండుచేపల గంప మోసుకుని ఊళ్లు తిరిగేది. మా ఇంట్లోనే తినేవాడు, నా ముక్క కూడా తినేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. ఏం అడిగినా నవ్వేవాడు, అదొక్కటే వాడికి బాగా వచ్చిన విద్య.

సినిమావాళ్లు వచ్చిన ఏడు మామిడికాయలు విరగకాశాయి. మద్రాసు నుంచి రైలులో సూళ్లూరుపేటకు, అక్కడి నుంచి సరస్సు మీద పడవల్లో సామాను దించారు. మా అవ్వ గుమ్మంలో కూర్చుని ఆకు నములుతూ ఒక్కొక్కరినీ చూసి వ్యాఖ్యానం చెప్పింది.

"ఆ పిల్లేనంట హీరోయిను. మొకానికి గోడకు కొట్టినట్టు కొట్టినారే. చెమట పడితే పెచ్చులూడవా?"

"ఊడితే మళ్లీ కొడతారంట అవ్వా. అందుకు ఒక మనిషే ఉండాడంట" అంది పక్కింటామె.

"నాకూ ఒకణ్ణి పెట్టించరాదా, నీ మొగుణ్ణి అడిగి" అంది మా అవ్వ.

వాళ్లకు దిబ్బ కావాలి. దాని మీద హీరోయిన్ నడుస్తుంటే వెనక సముద్రం కనబడాలట. ఊరి పెద్దలు మాట్లాడుకుని రెండు రోజులు సరే అన్నారు. మా నాయన దిబ్బ దిగి కింద తాటిచెట్ల దగ్గర కూర్చోవాలి, ఫొటోలో పడకూడదు. అక్కడి నుంచి ఆయనకు సముద్రం సరిగ్గా ఆనదు. అయినా పడవలు అలవాటు కొద్దీ నీళ్ల మీదే కాచుకుని ఉన్నాయి.

కెమెరామన్ నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. అరవం కలిసిన తెలుగు. కెమెరా మీద నల్లగుడ్డ, దాని పక్కన వెండికాగితం అంటించిన పెద్ద అట్టలు. ఎండను ఆ అట్ట మీద పట్టి మనిషి మొహం మీదకు కొట్టడం. అది చూడగానే నాకు పని మొత్తం అర్థమైపోయింది. నీళ్లు చేసే పనే అది.

అట్ట పట్టుకునే వాళ్లలో ఒకడు ముందురోజు మా పెద్దమ్మ వండిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది, మూడుసార్లు పోయించుకుని తిన్నాడు. మర్నాడు వాడు పొదల వెనక నుంచి రాలేదు. కెమెరామన్ తిట్టి తిట్టి, చూస్తూ నిలబడ్డ మా అన్నను పిలిచి అట్ట చేతికిచ్చాడు. అన్న పట్టుకున్నాడు. వెలుగు హీరోయిన్ మొహం మీద తప్ప అన్నిచోట్లా పడింది.

నేను దిబ్బ వెనక మొగలిపొద చాటున ఉన్నాను. సినిమావాళ్ల సందడిలో ఎవరూ చూడరని పైదాకా పాక్కుంటూ వచ్చాను. కాసేపు ఓర్చుకున్నాను. తర్వాత నావల్ల కాలేదు. పోయి అన్న చేతిలో అట్ట లాక్కున్నాను.

"ఇట్టా గాదురా. కింద అంచు ఇసకలో గుచ్చు. పై అంచు కదిలించు. రవంత కదిలిస్తే అంత దూరం పోతాది" అన్నాను.

వెలుగు పోయి ఆ అమ్మాయి బుగ్గ మీద నిలిచింది. కెమెరామన్ నల్లగుడ్డలోంచే "ఆ, అప్పడియే, అట్లే ఉంచు" అన్నాడు. ఎవరు పట్టుకున్నారో ఆయన చూడలేదు. ఆయనకు వెలుగు చాలు. అన్న నవ్వుతూ నా పక్కన కూర్చున్నాడు, పని తప్పిందని సంతోషం వాడికి.

అలా ఎంతసేపు పట్టుకున్నానో. పొద్దు వాలుతోంది. ఆ అమ్మాయి నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. నా కన్ను అలవాటుగా సముద్రం మీదకు పోయింది. ఆగ్నేయం వైపు, పడవలకు కాస్త ఇవతల, నీళ్ల మీద పెద్ద నల్లటి మచ్చ. కదులుతోంది. అంత గుంపు నేను పుట్టి ఎరగను.

ఇక ఏమీ ఆలోచించలేదు. చేతిలో ఉన్నది గుడ్డా అట్టా అని చూసుకోలేదు. రెండు చేతులతో పైకెత్తి మూడుసార్లు తిప్పాను.

పల్చటి తడిగుడ్డ కాదు అది. వెండికాగితం మీద సాయంత్రపు ఎండ. సముద్రంలో మావాళ్లకు దిబ్బ మీద మెరుపు మెరిసినట్టు కనబడి ఉంటుంది. మూడు పడవలూ ఒక్కసారి తిరిగాయి. తెడ్లన్నీ ఒక్కసారి లేచాయి, వాటి మీద నీళ్లు బంగారంలా కారాయి. వల అంచు వెంట పూసల్లా తుంపరలు లేస్తూ సగం చందమామ గీసింది. కెమెరామన్ హీరోయిన్‌ను వదిలేసి కెమెరాను పడవల మీదకు తిప్పాడు. ఆ అమ్మాయి ఇంకా నడుస్తూనే ఉంది పాపం, ఎవరూ చూడటం లేదని తెలియక.

ఆ షాట్ గురించే ఇప్పటికీ రాస్తారు. ఆ సినిమా ఆడలేదు, కథ ఎవరికీ గుర్తు లేదు. పడవలు తిరగడం ఒక్కటే మిగిలింది.

వల లాగారు. చేపల్లేవు. నాలుగు పీతలు, నాచు. పైగా అక్కడ ఎప్పుడో మునిగిన పడవ ఇనుము ఉంది. వల నడిమికి చిరిగింది. ఊరందరి వల అది, ఆరునెలల పని. నేను చూసిన నల్లటి మచ్చ అప్పటికి దూరంగా జరిగిపోయింది. తల ఎత్తి చూస్తే పైన ఒంటరి మబ్బు, దాని నీడ నీళ్ల మీద.

మబ్బు నీడను చేపలనుకున్నాను నేను. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మగవాళ్లు తడి గోచీలతో దిబ్బ మీదకు పరుగెత్తుకొచ్చారు. "ఎవుర్రా తిప్పింది? చేపల్లేని చోట ఎవుడ్రా తిప్పింది?" ఆడపిల్ల తిప్పిందని తెలిస్తే నన్ను కొట్టి ఊరుకోరు. కూతుర్ని దిబ్బ ఎక్కించినందుకు మా నాయన్ను ఆ పని నుంచి తీసేస్తారు. ఆయనకు వేరే పని రాదు. నేను మొగలిపొద చాటుకు జరిగాను. అట్ట ఇసుకలో పడి ఉంది. మా అన్న వంగి దాన్ని తీసుకున్నాడు.

"నేనే. ఊరికే తిప్పినా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, అది ఇంకా తప్పయింది.

"పిల్లనాకొడుకు తప్పు చేస్తే ఇంటి పెద్దే దండించాల. కానియ్" అన్నారు పెద్దలు మా నాయనతో. మా నాయన వల లాగే తాడు ముక్క తీసుకున్నాడు. కొబ్బరి పీచు తాడు, ఉప్పు పట్టి గట్టిపడింది. అన్న వీపు మీద కొట్టాడు. నేను మొగలిపొద దగ్గర నిలబడి చూశాను. మా నాయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. అరమైలు నుంచి చేపను చూసే కన్ను, దిబ్బ మీద పావడా కట్టిన పిల్లను చూడలేదంటే నమ్మేంత వెర్రిదాన్ని కాదు.

కెమెరామన్ అడ్డం వచ్చి తాడు పట్టుకున్నాడు. ఆయనకు గొడవ అర్థం కాలేదు, ఒక్కటే అర్థమైంది. "ఈ పయ్యన్, ఈ పిల్లోడా పడవలు తిప్పినాడు? ఆ వెలుగు కొట్టినాడు?" అని రెండుసార్లు అడిగాడు. ఊరంతా ఔనంది. ఆయన అన్నను దగ్గరికి తీసుకుని, ఆ నల్లగుడ్డ ఎత్తి కెమెరాలోంచి చూడమన్నాడు. దెబ్బలు తిన్న వీపుతో వాడు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచేసరికి మొహంలో నవ్వు లేదు. వాడు నవ్వకుండా ఉండటం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

మూడోనాడు సినిమావాళ్లతో పాటు వాడినీ తీసుకుపోయారు. పెద్దమ్మ ఏడ్చి, ఎండుచేపలు మూట కట్టి ఇచ్చింది. పడవ ఎక్కేటప్పుడు వాడు నన్ను చూసి ఏదో అనబోయాడు. నేను మొహం తిప్పుకున్నాను. వాణ్ణి కొట్టించాననే బాధ కాదు. నా చేతి పనికి వాణ్ణి తీసుకుపోతున్నారనే కుళ్లు. దాచడం ఎందుకు. ఆ క్షణం నుంచి మొన్నటి దాకా నాలో ఉన్నది అదే.

ఆ రాత్రి అన్నం దగ్గర మా నాయన నాతో అన్నది ఒక్క మాట. "ఇంక దిబ్బెక్కబాక." మళ్లీ ఎక్కలేదు.

వాడు మొదట అట్టలు మోశాడు. తర్వాత కెమెరా పెట్టెలు, తర్వాత దూరం కొలిచే టేపు, ఆ తర్వాత కెమెరాయే. రెండేళ్లకొకసారి వచ్చేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు ప్యాంటు, చొక్కా జేబులో దువ్వెన, పౌడరు వాసన. నాకు రిబ్బన్లు, ఫిల్ము ముక్కలు తెచ్చాడు. ఎండకు పట్టి చూస్తే ఒక్కో ముక్కలో వేలెడు హీరోయిన్లు. వాడు అటు పోగానే పొయ్యిలో వేశాను. భగ్గున మండి, చెడ్డ కంపు కొట్టింది. అవ్వ "ఏమ్మీ, ఎలక కాలిందా?" అని అడిగితే "ఊ, పెద్దదే" అన్నాను.

వాడి పేరు మొదటిసారి తెర మీద పడినప్పుడు ఊరు ఊరంతా సూళ్లూరుపేట టూరింగ్ టాకీసుకు పోయింది. ఇసుకలో కూర్చున్నాం, పెద్దమ్మ ముందు వరసలో. పేర్లు వస్తున్నాయి. మాలో చదువు వచ్చినవాడు ఒక్కడే, రేషను షాపాయన. ఆయన "అదే అదే" అని అరిచేలోపు పేరు పోయింది. అందరూ ఈలలు వేశారు. నాకు గీతలు తప్ప ఏమీ కనబడలేదు.

"యాడమ్మి, నాకు అగపళ్లేదే" అంది అవ్వ.

"అవన్నీ వాడి పేర్లే" అన్నాను కసిగా. అవ్వ నమ్మి కన్నీళ్లు పెట్టుకుంది.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. సాయంత్రం పూట ఆడవాళ్లకు పెట్టిన బడిలో, లాంతరు దగ్గర. మిగతావాళ్లు వేలిముద్ర వేయకూడదని, బస్సు బోర్డు చదవాలని వచ్చారు. నేను వచ్చింది వాడి సినిమాలో నా పేరు ఎక్కడైనా ఉందేమో చూసుకోవడానికి. ఎవరికీ చెప్పలేదు. చదవడం వచ్చాక నెల్లూరు పోయి ఒకే సినిమా మూడుసార్లు చూశాను. పేర్లు మరీ తొందరగా పోతాయి, నాది కూడబలుక్కునే చదువు. మూడోసారికి అన్నీ చదివాను. లైట్లు మోసినవాళ్ల పేర్లున్నాయి, జనరేటర్ నడిపినవాడి పేరుంది, వంటవాడి పేరుంది. నా పేరు లేదు. ఎందుకుంటుంది? అయినా మండింది.

వాడి పనిలో తప్పు వెతికేదాన్ని. దొరికేది కాదు. అదే ఎక్కువ మంట. మనుషుల మొహం మీద వెలుగు పైనుంచి కాకుండా నీళ్ల మీద నుంచి లేచినట్టు కింద నుంచి పడేది. అందరూ అదేదో కొత్త విద్య అన్నారు. తడిపిన తెల్లగుడ్డ నేల మీద పరిచి దాని మీద ఎండ కొట్టించేవాడట. మబ్బు కోసం పూటంతా కాచుకుంటే నిర్మాతలు నెత్తి కొట్టుకునేవాళ్లట. వాడి దగ్గర పని నేర్చినవాళ్లు ఇప్పుడు పెద్ద కెమెరామన్లు, వాళ్ల దగ్గర నేర్చినవాళ్లు ఇంకా పెద్దవాళ్లు. ఒకసారి టీవీలో ఎవరో అమ్మాయి అడిగింది, మీ గురువు ఏం నేర్పించారు అని. వాడు గడ్డం నిమురుకుని అన్నాడు. "నీళ్లను చూడకు, నీళ్ల మీద మారేదాన్ని చూడు. మా ఊళ్లో మా చిన్నాయన చెప్పేవాడు."

చేతిలో చేట విసిరికొట్టాను. అది మా నాయన నాకు చెప్పిన మాట. వాడు అప్పుడు దిబ్బ మీద నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. నిద్రలో విన్నాడో ఏమో.

నా మనవరాలి పెళ్లికి సూళ్లూరుపేట ఫొటోగ్రాఫర్ వచ్చాడు. సాయంత్రం పిల్లను సరస్సు ఒడ్డున నిలబెట్టి, ఒక కుర్రాడి చేత వెండి గొడుగు పట్టించాడు. వెలుగు ముక్కు మీద పడుతోంది, కళ్ల కింద నీడ. "రవంత కిందికి దించు నాయనా" అన్నాను.

"అవ్వా, ఇది పెద్ద సార్ లైటింగ్. సినిమాల్లో ఆయన పెట్టిన పద్ధతి. నీకు తెలీదులే, పక్కకు జరుగు" అన్నాడు.

జరిగాను.

వాడు మాత్రం ప్రతిసారీ మా ఇంటికి వచ్చేవాడు. మా నాయన బతికున్నంత కాలం ఆయన పక్కన కూర్చుని చుట్ట వెలిగించి ఇచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా సముద్రం చూసేవాళ్లు. నేను కాఫీ ఇచ్చి లోపలికి పోయేదాన్ని. ఒక్కసారి, ఆయన పోయాక, వాడు వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మీ, ఆ సంగతి నేను ఎవరికైనా చెప్పాలంటావా?" అన్నాడు. ఏ సంగతో నాకు తెలుసు. "ఏ సంగతి?" అన్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఎందుకలా అన్నానో తర్వాత చాలాసార్లు నన్ను నేనే అడిగాను. అట్ట తిప్పింది నేనని చెబితే, నీడను చేపలనుకున్నది కూడా నేనేనని చెప్పాలి. మొదటిది కావాలి నాకు, రెండోది వద్దు. మా ఊళ్లో ఇప్పటికీ మా నాయన కన్ను గురించి చెబుతారు, ఆ కన్ను నాకొచ్చిందని నేను చెప్పుకుంటాను. రొయ్యల గుంటలు తవ్వేవాళ్లు, దిబ్బ ఇసుక అమ్ముకున్నవాళ్లు, ఇంజను పడవల కుర్రాళ్లు కూడా నీళ్ల రంగు గురించి వచ్చి నన్ను అడుగుతారు. అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే కారు వచ్చింది. కెమెరా అంటే మా ఊళ్లో చెప్పక్కర్లేదు, కంచె అవతల సగం ఊరు నిలబడింది. అన్న కూతురు నా ఎదురుగా పీట మీద కూర్చుంది. అడిగిందే మళ్లీ అడిగింది.

"తిప్పింది మీ నాయన కాదు. నేను" అన్నాను.

మొత్తం చెప్పాను. మొగలిపొద, పులుసు తిన్నవాడు, బుగ్గ మీద వెలుగు.

కెమెరా దగ్గరి కుర్రాడు ఆగలేక అడిగాడు. "మరి చేపలు పడ్డాయా అవ్వా?"

అందరూ నన్నే చూస్తున్నారు. "చేపల్లేవు. అది మబ్బు నీడ. నేను తప్పు చూసినా" అన్నాను.

కంచె అవతల ఎవరో ముసలాయన "ఓరి నీ" అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వనీ.

అన్న కూతురు పీట ముందుకు జరుపుకుంది. "అంటే నాన్న అబద్ధం చెప్పాడా?" అంది.

"అబద్ధమే. మా నాయన కోసం మొదలుపెట్టినాడు. తర్వాత తన కోసం చెప్పుకున్నాడు. నేను కాదనలేదు గనక అందులో సగం నాది."

"ఆయన మీద కోపమా అత్తా?"

"కోపం కాదు, కుళ్లు. ఇప్పుడు కూడా ఉండాది. నేను చేసింది ఒక్క పూట పని. తర్వాత నలభై ఏళ్లు చేసింది వాడు. వాడు ఏమీ చేయకుండా పోయుంటే ఆ అట్టను నేను ఎప్పుడో మర్చిపోయుందును."

ఆ పిల్ల తల దించుకుంది. కుర్రాడు కెమెరా ఆపాలా అన్నట్టు చూస్తే వద్దని చెయ్యి ఊపింది.

"అత్తా, నాన్న ఈ కథ వందసార్లు చెప్పాడు. పడవలు తిరిగాయి, అందరూ నవ్వారు, కెమెరామన్ గారు తీసుకుపోయారు. ఇంతే. కొట్టారని ఎప్పుడూ చెప్పలేదు. చివర్లో మంచాన పడ్డప్పుడు నేనే ఒళ్లు తుడిచేదాన్ని. వీపు మీద అడ్డంగా రెండు మచ్చలు ఉండేవి. ఏంటి నాన్నా అంటే, క్రేన్ మీద నుంచి పడ్డానని చెప్పాడు."

వాళ్లు సామాను సర్దుకున్నారు. పోయేముందు ఆ పిల్ల నా కాళ్లకు దండం పెట్టింది. ఇదంతా సినిమాలో ఉంచుతుందో తీసేస్తుందో నేను అడగలేదు, తను చెప్పలేదు. కారు రొయ్యల గుంటల గట్టు మీదుగా పోయింది.

వాడికి దక్కిందల్లా నాకు దక్కాల్సిందేనని ఒక జీవితమంతా ఏడ్చాను. మద్రాసు, కెమెరా, తెర మీద పేరు, టీవీలో మా నాయన మాట, అన్నీ నావే అనుకున్నాను. ఆ తాడు దెబ్బలు కూడా నావేనని ఒక్కనాడూ అడగలేదు.